చెట్టు లేని కల్లు



ఇవాళ్టి ప్రసంగం కల్లు కాంపౌండ్లను గురించి అనగానే మీలో కొందరు నవ్వుకుంటారు, కొందరు మొహం చిట్లిస్తారు. సంసారపక్షంగా బతికే ఆడవాళ్లకి కల్లు దుకాణాల గొడవ ఎందుకమ్మా అంటారు. ఎందుకో చెబుతాను. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి చేతికిచ్చిన జీతం ఆ రాత్రికి ఎవరి చేతిలోకి పోతోంది? ఆవిడ పొద్దున్నే కళ్లు వాచిపోయి ఎందుకు వస్తోంది? మన వీధి మొదట్లో వైన్‌షాపు పెడితే ఆడపిల్ల కాలేజీ నుంచి ఏ దారిన రావాలి? ఇవన్నీ మన ప్రశ్నలే. అందుచేత కాస్త ఓపికగా వినండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కి పోయే రోడ్డు మీకు తెలిసినదే. అటూ ఇటూ చీరల కొట్లు, నగల దుకాణాలు, కోచింగు సెంటర్లు, హాస్టళ్లు. నెత్తిమీద మెట్రో రైలు. 2018 సెప్టెంబరులో ఆ రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. ఇది మామూలు బజారు కాదండీ, విజయవాడ పోయే పెద్ద రోడ్డు. ఊళ్లోంచి వెళ్లేవాడికి ఇది ఊరి చివర, నల్లగొండ వైపు నుంచి వచ్చేవాడికి ఇది ఊరి మొదలు. బండ్లవాళ్లు, లారీలవాళ్లు, రాళ్లు మోసేవాళ్లు, ఒకప్పుడు కొత్తపేట పళ్ల మార్కెట్టులో బుట్టలెత్తిన హమాలీలు, అందరూ కాళ్లు సాగే చోటు. సరూర్‌నగర్, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు, మన్సూరాబాద్, సాహెబ్‌నగర్ అని ఇప్పుడు మనం కాలనీల పేర్లుగా చెప్పుకునేవన్నీ ఒకప్పుడు ఊళ్లే. వాటికి చెరువులుండేవి, చెరువు గట్ల మీద ఈతచెట్లు, పొలం గట్ల మీద తాటిచెట్లు ఉండేవి.

చెట్లున్న చోట గౌడులుంటారు, గౌడులున్న చోట కల్లు ఉంటుంది. నగరంలోని పాత పేటల్లో మాదిరిగానే ఈ దారి చుట్టుపక్కలా కల్లు కాంపౌండ్లు ఉండేవి. కాంపౌండు అని పేరెందుకు వచ్చిందంటే, అది గది కాదు, చుట్టూ గోడ కట్టిన పెద్ద జాగా. లోపల రేకుల పాకలు, వేపచెట్టు నీడ, కింద మట్టి నేల. ఒక మూల శనగ గుడాలు, మరో మూల బోటీ కూర, వేయించిన చేపలు అమ్మేవాళ్లు. అవి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. కూలి అయ్యాక వచ్చి, సీసా ముందు పెట్టుకుని, గంటసేపు కూర్చుని పోవడం అక్కడి పద్ధతి.

కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్లకి ఒక సంగతి వింతగా ఉండేది. ఈ కాంపౌండ్లలో ఆడవాళ్లూ కూర్చునేవాళ్లు. తప్పుడు మనుషులేం కాదు, మట్టి మోసి, ఇటుకలు మోసి, రెక్కలు పడిపోయిన ఇల్లాళ్లు. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని, పక్కింటావిడతో మంచీచెడ్డా చెప్పుకుని లేచిపోయేవాళ్లు. తెలంగాణలో కల్లు ఒక్క మగవాడి వ్యసనంగా ఎన్నడూ లేదు. బోనాలకు అమ్మవారి ముందు సాక పోసేది కల్లుతోనే. పెళ్లిలోనూ, చావులోనూ, చుట్టం ఇంటికొచ్చినప్పుడూ కల్లు ఉండాల్సిందే. అది మంచిదా, చెడ్డదా అన్నది తరవాత. ముందు ఉన్నదున్నట్టు తెలుసుకోవాలి కదా.

అసలు కల్లు ఎలా వస్తుందో మనలో చాలామందికి తెలియదు. గీత కార్మికుడు నడుముకి మోకు, కాళ్లకి బంధం వేసుకుని చెట్టెక్కుతాడు. తాటిచెట్టయితే గెలను, ఈతచెట్టయితే మొవ్వు దగ్గర కాండాన్ని పదునైన కత్తితో సన్నగా చెక్కి లొట్టి కడతాడు. రాత్రంతా చుక్కచుక్కగా దిగిన రసాన్ని తెల్లారకముందే దింపితే అది తియ్యగా ఉంటుంది. దాన్నే నీరా అంటారు. లొట్టికి సున్నం పూస్తే కొంతసేపు పులియకుండా ఉంటుంది. ఎండ తగిలిన కొద్దీ గాలిలోని ఈస్టు పనిచేసి, మధ్యాహ్నానికి పొంగుతుంది, కాస్త మత్తు వస్తుంది. ఆ మత్తు కూడా నూటికి నాలుగైదు పాళ్లే, ఇంచుమించు బీరంత. సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి పుల్లటి వెనిగరు వాసన కొడుతుంది. అంటే ఏమిటన్నమాట? అసలైన కల్లును నిలవ ఉంచలేం, దూరం మొయ్యలేం. ఏ చెట్టుదో ఆ చెట్టు దగ్గరే, ఏ రోజుదో ఆ రోజే తాగాలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తక్కిన కథంతా దీంట్లోంచే పుట్టింది.

నిజాం కాలంలో ఆబ్కారీ సర్కారుకి పెద్ద రాబడి. గుత్తేదారు పాట పాడి హక్కు కొనుక్కునేవాడు, చెట్టెక్కే గౌడు మాత్రం కింద కూలివాడిగానే ఉండిపోయేవాడు. తరవాత రోజుల్లో గీత కార్మికులకు సహకార సంఘాలు వచ్చాయి. చెట్టు గీసేవాడికే చెట్టు అనే పద్ధతీ వచ్చింది. ఊళ్లలో అది కొంత మేలు చేసింది. పట్నంలో మాత్రం దుకాణం నడిపేవాడు వేరు, చెట్టెక్కేవాడు వేరు అన్నట్టే సాగింది.

ఇక పట్నం పెరిగింది. చెరువు గట్టు ప్లాట్లయింది, పొలం కాలనీ అయింది. వనస్థలిపురం, చైతన్యపురి, ఆ వెనక ఎన్నో నగర్‌లు, పురిలు వచ్చాయి. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు రెండూ మహానగర పాలక సంస్థలో కలిసిపోయాయి. మనం ఇల్లు కట్టుకున్న జాగాలో ఒకప్పుడు ఏ చెట్టుందో మనలో ఎంతమంది అడిగాం? ప్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లు పడతాయా, బస్సు దగ్గరేనా, తూర్పు ముఖమేనా అని అడిగాం. తాటిచెట్టు అడ్డంగా ఉంటే కొట్టించి ఇమ్మన్నాం. తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్లకు పైనే పడుతుంది. కొట్టెయ్యడానికి ఒక పూట చాలు.

చెట్లు పోయాయి. కాంపౌండ్లు మాత్రం వెంటనే పోలేదు. ఇక్కడే చిక్కు వచ్చింది. చుట్టుపక్కల చెట్టన్నది లేకపోయినా సాయంత్రమయ్యేసరికి సీసాలకు సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? జవాబు అందరికీ తెలుసు. నీళ్లు, శాకరిన్, తెల్లటి పొడి. ఆ పొడి ఒకప్పుడు క్లోరల్ హైడ్రేటు. తరవాత డైజెపామ్, ఆ తరవాత అల్ప్రాజోలామ్. ఇవన్నీ నిద్రకీ, ఆందోళనకీ డాక్టర్లు కొలిచి రాసే మందులు. మిల్లీగ్రాము కొలతలో వాడవలసిన మందును డ్రమ్ములో గరిటెతో కలిపితే ఏమవుతుంది? తాగినవాడికి మత్తు ఎక్కడమే కాదు, అలవాటు పడిపోతాడు. ఒక్క పూట అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినబడతాయి, మూర్ఛ వస్తుంది.

2004లో ప్రభుత్వం హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలను మూయించింది. దగ్గర్లో చెట్లే లేనప్పుడు ఇది కల్లెలా అవుతుంది అన్నదే అప్పటి వాదన. మన కాలనీల్లో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. సాయంత్రం ఆ దారిన పోవాలంటే భయంగా ఉండేది, గొడవలు, బూతులు వినబడేవి, పీడ వదిలిందన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మరోపక్క, ఆ దుకాణాల మీద బతికే గీత కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఆ కులానికి చెందిన ఆడవాళ్లు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఇళ్లలో పనికి కుదిరారు. పదేళ్ల తరవాత, తెలంగాణ వచ్చాక, 2014లో దుకాణాలు తెరవడానికి మళ్లీ అనుమతి ఇచ్చారు.

కాని పదేళ్లలో రోడ్డు ఆగుతుందా? కాంపౌండు అంటే కొన్ని వందల గజాల ఖాళీ జాగా కావాలి. ఇక్కడ గజం ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. సీసా కల్లు అమ్మి వచ్చే చిల్లరతో చీరల షోరూమంత అద్దె ఎవరు కడతారు? అనుమతి వచ్చినా పాత జాగాలు తిరిగి రాలేదు. వేపచెట్టూ పోయింది, మట్టి నేలా పోయింది. పళ్ల మార్కెట్టు కూడా 2021లో కొత్తపేట నుంచి బాటసింగారం వైపు తరలిపోయింది, దాంతో హమాలీల సందడీ తగ్గింది. నగరంలో మిగిలినవి చాలావరకు ఇరుకు సందుల్లో, మురికివాడల అంచున ఉన్న చిన్న దుకాణాలే.

ఇలాంటిది మన ఊళ్లోనే జరిగిందనుకోకండి. లండన్‌లో ఓల్డ్ కెంట్ రోడ్డని ఒకటుంది. మన విజయవాడ రోడ్డు లాగే అదీ ఊళ్లోంచి బయటికి, సముద్రం వైపు పోయే పాత దారి. మన పిల్లలు ఆడే వ్యాపారం ఆట వంటిదే అక్కడి మోనోపలీ. దాని బోర్డు మీద అన్నిటికన్నా చవక వీధుల్లో అదొకటి. ఆ దారి పొడుగునా పబ్బులుండేవి. థామస్ ఎ బెకెట్ అనే పబ్బు మేడ మీద హెన్రీ కూపర్ అనే పేరున్న బాక్సరు సాధన చేసేవాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీద పాత పబ్బులు చాలామటుకు లేవు, కట్టడాలు మిగిలినచోట వేరే వ్యాపారాలు వచ్చాయి. అక్కడా కారణాలు అవే. జాగా ధర పెరిగింది, చుట్టూ ఉండే కూలి జనం మారారు. అక్కడివాళ్లు 2011లో ఒక చట్టం చేసుకున్నారు. ఊరివాళ్లంతా కలిసి, ఇది మాకు పనికొచ్చే చోటు అని ఒక కట్టడం పేరు నమోదు చేయిస్తే, దాన్ని అమ్మేటప్పుడు వాళ్లే కొనుక్కోవడానికి ఆరు నెలల దాకా గడువు దొరుకుతుంది. అలా వాటాలు వేసుకుని పబ్బును కొని నడుపుకుంటున్న ఊళ్లున్నాయి.

మనం కూడా కల్లు కాంపౌండు కొనుక్కుందామా అని నవ్వకండి. నేననేది వేరు. వాళ్లు సారాయిని కాపాడుకోలేదు, కూర్చునే చోటును కాపాడుకున్నారు. మన కాంపౌండు పోయినప్పుడు పోయినవి రెండు. ఒకటి పొడి కలిపిన మందు. అది పోవలసిందే. రెండోది, రోజంతా ఎండలో పనిచేసిన మనిషి, అందులోనూ ఆడమనిషి, పది రూపాయలతో గంటసేపు కూర్చోగలిగే జాగా. దాన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు. మనకు గుడి ఉంది, పార్కు ఉంది, షాపింగు మాలు ఉంది. అడ్డా మీద నిలబడే కూలి ఆడదానికి మాలులో సెక్యూరిటీవాడు దారి ఇస్తాడా?

కాంపౌండు పోతే తాగుడు పోయిందా అంటే, అదీ లేదు. దాని చోట వైన్‌షాపు వచ్చింది, పక్కనే నిలబడి తాగే పర్మిట్ రూము వచ్చింది. 2023లో తెలంగాణలో 2,620 వైన్‌షాపులకు దరఖాస్తులు పిలిస్తే లక్షా 30 వేలకు పైగా వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. అంటే షాపు దక్కకముందే, ఒక్క సీసా అమ్ముడుపోకముందే, సర్కారుకి రూ.2,600 కోట్లకు పైగా జమ పడింది. అన్నిటికన్నా ఎక్కువ దరఖాస్తులు ఏ పరిధిలో పడ్డాయనుకున్నారు? మన సరూర్‌నగర్ ఎక్సైజు పరిధిలోనే, 10 వేలకు పైగా. ఈ రోడ్డు మీద తాగుడు తగ్గిందనుకునేవాళ్లు ఆ లెక్క ఒకసారి చూడాలి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడది పాలమూరు వైపు. ఒకరోజు నేను, "పోనీలే, మీ వాడలో కల్లు దుకాణం తీసేశారు గదా, మీ ఆయన కొంచెం నిమ్మళపడ్డాడా?" అని అడిగాను.

"ఏం నిమ్మళం అమ్మా," అంది. "అప్పుడు ఆడనే తాగి, ఆడనే ఒర్రి, ఇంటికొచ్చి పండుతుండె. ఇప్పుడు సీసా ఇంటికే తెస్తుండు. పిల్లల ముంగటనే తాగుతుండు. అప్పుడు యాభై రూపాలు, ఇప్పుడు రెండొందలు."

ఈ లెక్క నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. రోడ్డు మీద గొడవ తగ్గితే మన చెవులకు సుఖంగా ఉంది. ఆ గొడవ నాలుగు గోడల మధ్యకు వెళ్లింది, అంతే. మనకు వినబడటం లేదు గనక లేదనుకుంటున్నాం.

పోనీ, పొడి పీడైనా వదిలిందా? 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. మంచి పనే. కాని హఠాత్తుగా పొడి కల్లు ఆగిపోయేసరికి అలవాటు పడ్డ జనం ఫిట్సు వచ్చి పడిపోయారు. నాలుకలు కరుచుకున్నారు, పిచ్చిచూపులు చూశారు. ఆస్పత్రులు నిండిపోయాయి. కొందరి ప్రాణాలు పోయాయి. ఇక 2025 జులైలో మన నగరంలోనే, కూకట్‌పల్లి ప్రాంతంలో, కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో నిమ్స్‌లోనూ గాంధీలోనూ చేరారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పలువురు చనిపోయారు. ఆ చనిపోయినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కల్లులో అల్ప్రాజోలామ్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్క మళ్లీ తలుచుకోండి. కల్లు చెట్టు దగ్గరే, ఆ రోజే. చెట్టు పోయాక కూడా దుకాణం నిలిచిందంటే అందులో అమ్మేది కల్లు కాదు. కాబట్టి దుకాణం ఉండాలా, పోవాలా అని కొట్టుకునే ముందు, మీ చెట్టెక్కడ అని అడగాలి. గౌడు సోదరులు కూడా ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోనక్కరలేదు. ఎందుకంటే కల్తీవాడి వల్ల ముందు నష్టపోయేది చెట్టెక్కేవాడే. ప్రాణానికి తెగించి చెట్టెక్కి దింపిన లొట్టి ధరకు, డ్రమ్ములో కలిపిన పొడి ధరకు పోటీ పెడితే ఎవడు గెలుస్తాడు? చెట్టు మీంచి పడి నడుము విరిగిన భర్తను సాకుతున్న ఇల్లాళ్లు గౌడుల వాడల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకి కావలసింది చెట్లు, భద్రత, నీరాకు సరైన గిరాకీ. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ అని తెరిచారు. చల్లగా నిలవ చేసి మత్తెక్కని నీరా అమ్ముతామన్నారు. ఆలోచన మంచిదే. తాటిబెల్లం కూడా మనం కొనుక్కోదగ్గదే. ఏదైనా నిలవాలంటే మాత్రం చెరువు గట్ల మీద ఈతమొక్కలు నాటి, నాటినవి బతికించాలి.

మరి ఇల్లాళ్లుగా మనం చెయ్యగలిగింది ఏమిటి? ఉద్యమాలు మనవల్ల అయ్యేవి కావు అనకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ఊపిరి పోసింది వాచకంలోని ఒక పాఠం. ఏడాది తిరక్కుండా ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్లకంటే మనకేం తక్కువ? అంత పెద్ద పని కాకపోయినా, మూడు చిన్న పనులు చెబుతాను.

మొదటిది. మన ఇంట్లో పనిచేసేవాళ్ల ఇంట గాని, మనకు తెలిసినవాళ్లలో గాని కల్లుకు అలవాటు పడ్డవాళ్లుంటే, "రేపట్నించి మానెయ్" అని ఒట్టు వేయించుకోవద్దు. పొడి కల్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చేతిమీదుగా, మందులిచ్చి మెల్లగా మాన్పించాలి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉన్నది పిచ్చివాళ్లకే అనుకోకండి, ఈ అలవాటు మాన్పించే వైద్యం అక్కడ జరుగుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ అని సర్కారువారి ఉచిత ఫోను ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు మీ వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టండి.

రెండోది. జీతం ఇచ్చేటప్పుడు పనిచేసే ఆవిడ చేతికే ఇవ్వండి, ఆమె అడిగితే ఆమె పేరు మీద బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఖాతా తెరవడానికి తోడు వెళ్లండి. భర్త గుమ్మంలో నిలబడి, "ఇయ్యండమ్మా, నేను తీస్కపోత" అంటే మొహమాటపడి ఇచ్చెయ్యకండి.

మూడోది. మీ కాలనీ సంఘం సమావేశాలకు మగవాళ్లను పంపి ఊరుకోకండి, మీరూ వెళ్లండి. బడి దగ్గర, గుడి దగ్గర వైన్‌షాపు వస్తే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలని పట్టుబట్టండి. అదే నోటితో ఇంకో మాట కూడా అడగండి. కూలి అడ్డా దగ్గర నీడకు ఒక షెడ్డు, తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కావాలని. కాంపౌండులో ఆ ఆడవాళ్లు వెతుక్కున్నది ముప్పాతిక మూడువంతులు అదే. చోటు లేనివాళ్లకు మత్తు అమ్మేవాడొక్కడే చోటిస్తే, వాళ్లు అక్కడికే పోతారు.

ఈసారి మెట్రోలో ఎల్.బి.నగర్ వైపు వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూడండి. మేడల మధ్య ఎక్కడైనా ఒంటరిగా ఒక తాటిచెట్టు కనబడితే, ఇక్కడ ఒక ఊరుండేదని మీ పిల్లలకు చెప్పండి. ఆ చెట్టెక్కి బతికిన మనిషి మనవరాలు ఇవాళ మీ పక్క సీట్లోనే, కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండవచ్చు. ఆ పిల్ల ఇంట్లోకి సీసా రాకుండా చూసే పనిలో మనకూ ఒక చెయ్యి ఉంది.